పలకనివాడు లేనివాడా?

మాటకు బదులు రాకపోతే మనిషికి కలిగే మొదటి అనుమానం, ఎదుటివాడికి చెవుడేమోనని. రెండో అనుమానం, వాడికి గర్వమేమోనని. మూడోది, అసలు వాడక్కడ లేడేమోనని. మన మాట వాడిదాకా పోయిందా, పోవడానికి దారంటూ ఉందా అనే అనుమానం సామాన్యంగా కలగదు. దారి సంగతి ఆలోచించడం మొదలుపెడితే మన వైపు దారి కూడా చూసుకోవలసి వస్తుంది. అది ఒళ్ళు వంచవలసిన పని. గర్విష్ఠి అనుకోవడంలో ఏ శ్రమా లేదు. కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా అనుకోవచ్చు.

ఇద్దరి మధ్య ఏడు సముద్రాలున్నప్పుడు మాట అందలేదంటే అర్థం ఉంది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకరి మాట ఒకరికి అందకపోతే తప్పెవరిదనాలి? పాత ప్రశ్నే లెండి. అత్తాకోడళ్ళ మీదా, తండ్రీకొడుకుల మీదా, అన్నదమ్ముల మీదా ఈ ప్రశ్న వేసి వేసి మన పెద్దలు అలిసిపోయారు. జవాబు చెప్పబోయిన ప్రతివాడూ ఏదో ఒక పక్షం చేరిపోవడంతో ఆ జవాబులేవీ నిలవలేదు. అందుచేత ఈ ప్రశ్నను కాసేపు మనుషుల మీంచి దించి, ఏ పక్షానికీ చెందని యంత్రం మీద పెట్టి చూద్దాం. కంప్యూటరుకూ, దాని కడుపులో ఉన్న మరో కంప్యూటరుకూ మాట చెడితే ఏం జరుగుతుందన్నది నేటి విచారణ.

కంప్యూటరు కడుపులో కంప్యూటరేమిటి అంటారు కదూ? ఉంది. వర్చువల్ మెషీన్ అంటారు. తెలుగులో మిథ్యాయంత్రం అనవచ్చు గాని, అలా అన్నామంటే వేదాంతులు పైన పడతారు. నిజంగా బల్లమీద ఉన్న కంప్యూటరు ఒకటి. దాని జ్ఞాపకంలో కొంత, డిస్కులో కొంత, లెక్కలు చేసే శక్తిలో కొంత పక్కకు తీసి, ఒక సాఫ్ట్‌వేరు సాయంతో అందులో మరో కంప్యూటరును నడిపిస్తారు. బయటిది ఒక రకం, లోపలిది ఇంకో రకం కావచ్చు. లోపలిదానికి తనకో డిస్కు ఉన్నదని నమ్మకం. నిజానికి అది బయటిదాని డిస్కులో ఒక ఫైలు. తనకో నెట్‌వర్కు కార్డు ఉన్నదనీ నమ్మకమే. ఆ కార్డు చేత్తో పట్టుకుని చూపించమంటే ఎవరూ చూపించలేరు. బయటిదానికి హోస్టు అనీ, లోపలిదానికి గెస్టు అనీ పేర్లు. పెట్టినవాడెవడో గాని సంసారి అయి ఉండాలి. ఒకరు ఆతిథ్యం ఇచ్చేవారు, రెండోవారు అతిథి. చిక్కులన్నీ ఆ రెండు పేర్లలోనే ఉన్నాయి.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. 1960ల్లోనే అమెరికాలో కేంబ్రిడ్జి పట్నంలో ఐ.బి.ఎం. వారు దీన్ని సాధించారు. అప్పుడు కంప్యూటరు గదంత ఉండేది, ధర కోటలంత ఉండేది. యంత్రం ఒకటి, వాడుకునేవాళ్ళు అనేకులు. ఎవరికి వారికి ‘ఈ యంత్రమంతా నాదే’ అనిపించేలా చేయడం ఎలాగ? ఉన్న ఒక్క యంత్రంలోనే తలా ఒక యంత్రం సృష్టించి ఇచ్చారు. 1972లో అదే వీఎం/370 అనే పేరుతో బయటికి వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో ఐదుగురు కోడళ్ళలో ఎవరికి వారికి ‘వంటిల్లంతా నాదే’ అనిపించగల అత్తగారు ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. అటువంటి అత్తగారు ఐ.బి.ఎం. వారికి దొరికింది, మనకింకా దొరకాలి. 1999లో వీఎంవేర్ వారి సాఫ్ట్‌వేరుతో ఇది బల్లమీది కంప్యూటర్లలోకి దిగింది. 2007లో వర్చువల్‌బాక్స్ అనేది ఉచితంగా అందడంతో చదువుకునే పిల్లలకు కూడా చేతికొచ్చింది.

లోకంలో లోకం అనే ఊహ మనవాళ్ళకు కొత్త కాదు. మన్ను తిన్నావా అని యశోద పిల్లవాడి నోరు తెరిపించి చూస్తే అందులో సమస్త లోకాలూ కనిపించాయనీ, తన పల్లె, ఆ పల్లెలో తానూ కూడా అందులోనే కనిపించారనీ భాగవత కథ. అటువంటి బాలకృష్ణుడి విగ్రహం ఒకటి మన ఉదయగిరిలోనే ఉండేది. 1514లో కృష్ణదేవరాయలు దుర్గం పట్టుకున్న తర్వాత దాన్ని విజయనగరం తీసుకుపోయి, గుడి కట్టించి నిలిపాడు. ఇప్పుడది చెన్నైలో ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. యశోద ఆ నోట్లో తనను తాను చూసుకుంది గాని, ఆ లోపలి యశోదను పలకరించి చూడలేదు. పలకరించి ఉంటే ఆవిడకూ మన చిక్కే వచ్చేది.

ఆ చిక్కేమిటంటే, లోపలి గెస్టు లోకమంతటితో మాట్లాడుతుంది. న్యూయార్కు నుంచి వార్తలు తెస్తుంది. టోక్యో వాతావరణం చెబుతుంది. బయటి హోస్టు మాత్రం ‘ఒరే’ అని పిలిస్తే పలకదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నారే, సరిగ్గా అదే.

ఇందులో గెస్టు పొగరు ఏమీ లేదు. కారణం ఉంది. ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ తలా ఒక నంబరు ఇవ్వాలంటే ఉన్న నంబర్లు చాలవని తేలేసరికి, 1990ల్లో ఒక ఉపాయం చేశారు. కొన్ని నంబర్లను ఇళ్ళలోపల మాత్రమే వాడుకోమని విడిచిపెట్టారు. వీధిలో అవి చెల్లవు. ఇంట్లో ఎంతమంది ఉన్నా వీధిలోకి పోయే ఉత్తరాలన్నీ ఇంటి పెద్ద పేరుతోనే పోవాలి. దీన్ని నాట్ అంటారు. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే ‘కేరాఫ్’. లోపలి పిల్లవాడు ఉత్తరం రాస్తే పెద్దాయన తన చిరునామా వేసి పంపుతాడు. ఫలానా ఉత్తరం ఫలానా పిల్లవాడిదని గుర్తు పెట్టుకుంటాడు. బదులు రాగానే పిలిచి ఇస్తాడు. ఇంతవరకు బాగానే ఉంది. పిల్లవాడు రాయకుండానే బయటినుంచి ఉత్తరం వచ్చిందనుకోండి, అది ఎవరికో పెద్దాయనకు తెలియదు. చించి పారేస్తాడు.

వర్చువల్‌బాక్స్‌లో ఎవరూ ఏమీ మార్చకపోతే గెస్టుకు ఇచ్చేది ఈ కేరాఫ్ కాపురమే. దాని నంబరు 10.0.2.15. ఉదయగిరిలో పెట్టినా అదే, హ్యూస్టన్‌లో పెట్టినా అదే. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నోడు ఉన్నట్టు ఇది ప్రతి కంప్యూటరులోనూ ఉంటుంది. వీధిలో నిలబడి ‘చిన్నోడా’ అని కేకేస్తే ఎవరు పలుకుతారు? తమాషా ఏమిటంటే, లోపలి చిన్నోడు 10.0.2.2 అనే గుమ్మం నుంచి హోస్టును పిలవగలడు. హోస్టు మాత్రం వాణ్ణి పిలవలేడు, ఫలానా కబురు ఫలానా కిటికీలోంచి లోపలికి అందించండని ముందుగా ఏర్పాటు చేసుకుంటే తప్ప. తిండి పెట్టేవాడికే పిలిచే వీలు లేకపోవడం మొదట అన్యాయంగా తోస్తుంది. కాని కొంచెం ఆలోచిస్తే, తిండి పెట్టినంత మాత్రాన పిలవగానే పలకాలని ఎక్కడుందని కూడా తోస్తుంది.

ఆత్మకూరులో మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు. బెంగుళూరు ఉద్యోగం, 2020లో కరోనా తరిమితే ఇంటికి వచ్చి, పని ఇంటి నుంచే కుదరడంతో ఇక్కడే నిలిచిపోయాడు. ఒకనాటి మధ్యాహ్నం వాడి గదిలోంచి పెద్దగా విసుగు వినిపిస్తోంది. వసారాలో చింతపండు ఒలుస్తున్న వాళ్ళ అవ్వ తల తిప్పింది.

“ఏందబ్బయా, ఎవురితో పోట్లాట?”

“గెస్టుతో అవ్వా. ఎంత పిలిచినా పలకడంలా.”

“చుట్టమా? యాడ? అన్నం పెట్టకుండా అరిస్తే పలుకుతాడా?”

“చుట్టం కాదవ్వా, కంప్యూటర్లో ఇంకో కంప్యూటరు. ఊళ్ళోవాళ్ళందరితో మాట్లాడతా ఉండాది, నాతో మాత్రం పలకదు.”

“మీ తాత కూడా అంతే గదరా,” అని అవ్వ మళ్ళీ చింతపండు మీద పడింది.

అబ్బాయి అప్పటికి ఆ గెస్టును మూడుసార్లు చెరిపేసి మూడుసార్లు పుట్టించాడు. నంబరు మార్చాడు, పేరు మార్చాడు, ఇంటర్నెట్టు డబ్బా ఆర్పి వెలిగించాడు. అన్నీ ఒకేసారి మార్చడం వల్ల ఏ మార్పు దేనికి పనికొచ్చిందో, ఏది చెడగొట్టిందో తెలియని స్థితికి చేరాడు. అప్పుడు వాళ్ళ ఆఫీసులో పెద్దామె ఒకరు ఫోనులో దొరికారు. ఆవిడ అన్న మొదటి మాట నాకు బాగా నచ్చింది. “తమ్ముడూ, ముందు నువ్వేమీ మార్చొద్దు. ఏం జరుగుతోందో చూడు. ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చు.”

ఈ సలహా కంప్యూటరుకు చెప్పింది కాబట్టి సరిపోయింది. సంసారంలో గొడవ పడ్డవాళ్ళకు ఇదే మాట చెప్పి చూడండి, మిమ్మల్ని కూడా గొడవలో కలుపుకుంటారు.

ఇక ఆవిడ చేయించిన పరీక్షల వరస వినదగ్గది. పిలిచి చూడడానికి పింగ్ అనే సాధనం ఉంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన నెట్‌వర్కు ఏదో సరిగా లేదని ఒక సాయంత్రం కూర్చుని దాన్ని రాసేశాడు. జలాంతర్గాముల వాళ్ళు నీళ్ళలోకి ఒక చప్పుడు వదిలి, అది తిరిగొచ్చేదాకా చెవి ఒగ్గి వింటారు; ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. ‘ఉన్నావా?’ అని ఒక పిలుపు, ‘ఉన్నా’ అని ఒక బదులు. అంతకు మించి ఇందులో ఏమీ లేదు. మన పల్లెల్లో పొలం గట్టు మీంచి ‘ఓయ్’ అనడం, అవతలి గట్టు నుంచి ‘ఓయ్’ అనడం లాంటిది.

ఈ పింగ్‌తో మొదట ఎవరిని పిలవాలి? గెస్టును కాదు. ముందు తనను తాను పిలుచుకోవాలి. దానికి 127.0.0.1 అనే ప్రత్యేకమైన నంబరు ఉంది. ఏ కంప్యూటరుకైనా ఆ నంబరు అంటే ‘నేనే’ అని అర్థం. తన పిలుపుకు తానే పలకలేని యంత్రం ఇతరుల మౌనం మీద ఫిర్యాదు చేయడానికి తగదు. ఆ తర్వాత తన అసలు నంబరు, తర్వాత గుమ్మం, ఆ తర్వాత ఎదుటివాడు. ప్రపంచంలోని వేదాంతాలన్నీ నిన్ను నువ్వు తెలుసుకో అంటాయి. నెట్‌వర్కు బాగుచేసేవాళ్ళు ఆ సంగతి వేదాంతంగా కాక, పనిలో మొదటి మెట్టుగా పెట్టుకున్నారు. అయితే తనకు తాను పలికినంతలో అంతా బాగున్నట్టు కాదు సుమండీ. ఆ పరీక్ష తీగ దాకా పోదు, గడప దాటదు. అద్దంలో ముఖం చూసుకుని నవ్వడం వచ్చినవాడికి పదిమందిలో నవ్వడం వచ్చినట్టు కాదు కదా.

అబ్బాయి వైపు అంతా సరిగానే ఉందని తేలింది. కేరాఫ్ కాపురం వల్లనే పిలుపు అందడం లేదని ఆవిడ చెప్పి, గెస్టుకు రెండో కార్డు ఒకటి పెట్టించింది. దాన్ని హోస్ట్-ఓన్లీ అంటారు. హోస్టుకూ గెస్టుకూ మధ్య మాత్రమే ఉండే దొడ్డిదారి. వీధికి సంబంధం లేదు. హోస్టుకు అక్కడ 192.168.56.1, గెస్టుకు 192.168.56.101 అని నంబర్లు వచ్చాయి. ఇద్దరూ ఒకే వరసలోకి వచ్చారు. కొన్నిసార్లు ఇక్కడ కూడా తమాషాలు జరుగుతాయి. నంబరు ఇచ్చేవాడు పలకకపోతే గెస్టు తనకు తానే 169.254తో మొదలయ్యే నంబరు ఒకటి పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరూ పేరు పెట్టని బిడ్డ తనకు తాను పేరు పెట్టుకున్నట్టుగా ఉంటుంది ఆ దృశ్యం. మరికొన్నిసార్లు ఒక గెస్టును అచ్చుగుద్దినట్టు నకలు తీస్తే, కార్డు గుర్తుతో సహా రెండిటికీ ఒకటే వస్తుంది. ఒకరిని పిలిస్తే ఒకప్పుడు వాడు, ఒకప్పుడు వీడు పలుకుతారు. కవలల్లో ఒకడి తప్పుకు ఇంకొకడు దెబ్బలు తిన్నట్టు అవుతుంది వ్యవహారం.

సరే, దారి పడింది. అబ్బాయి పింగ్ చేశాడు. అప్పటికీ బదులు లేదు.

“చూశారా అక్కా, దీనికి పొగరు!” అన్నాడు వాడు. యంత్రానికి పొగరేమిటని నేను నవ్వుకున్నాను. ఆవిడ నవ్వకుండా, “పింగ్ వదిలెయ్. అందులో నడుస్తున్న వెబ్ పేజీ తెరిచి చూడు,” అంది. తెరిచాడు. ఠక్కున తెరుచుకుంది.

అంటే ఏమైంది? గెస్టు ఉంది, దారి ఉంది, పని అడిగితే పని చేస్తోంది. ‘ఉన్నావా’ అని అడిగితే మాత్రం పలకదు. ఆ లోపలిది విండోసుతో నడుస్తోంది. దానికి ఫైర్‌వాల్ అనే కాపలావాడు ఉంటాడు. వెబ్ పేజీ అడిగేవాళ్ళను రానిమ్మని వాడికి ముందే అనుమతి చెప్పి ఉంది గనక రానిచ్చాడు. ఉత్తి పలకరింపులకు పలకమని ఎవరూ చెప్పలేదు గనక వాటిని విని మింగేశాడు. పైగా ఈ దొడ్డిదారికి వీధి గుమ్మం లేదు. గుమ్మం లేని నెట్‌వర్కును విండోసు ‘గుర్తు తెలియనిది’గా జమకట్టి, బజారులో అపరిచితుడితో ఉన్నంత జాగ్రత్తగా ఉంటుంది. తనను కడుపులో మోస్తున్న హోస్టునే ఆ గెస్టు దారిన పోయే దానయ్యగా లెక్క కట్టింది. అందులో దాని తప్పు ఏముంది? ఇతడు ఫలానా అని దానికి ఎవరూ పరిచయం చేయలేదు.

ఈ గెస్టు లాంటి మనుషులు మనకు తెలియనివాళ్ళేం కాదు. ఎదురుపడితే పలకరించరు, పండక్కి రారు, ఫోను చేస్తే ఎత్తరు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మాత్రం ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ కూర్చుని ఉంటారు. వాళ్ళను పింగ్‌తో కొలిచి కొట్టివేశామంటే నష్టం మనదే. దీనికి సరిగ్గా తిరగబడ్డ రకం కూడా యంత్రాల్లో ఉంది. పింగ్ చేస్తే చాలు, ఠంచనుగా పలుకుతుంది. పని అడిగితే మాత్రం లేదు. ఎందుకంటే ఆ లోపలి పనివాడు 127.0.0.1 దగ్గర మాత్రమే చెవి పెట్టి కూర్చుని ఉంటాడు. తన మాట తనకు తప్ప ఇంకెవరి మాటా వాడికి వినపడదు. ‘బాగున్నారా, బాగున్నారా’ అంటూ ఊరందరికీ నమస్కారాలు పెట్టే పెద్దమనుషుల్లో కూడా ఈ జాతివారు ఉన్నారు. ఎన్నికలప్పుడు ఎక్కువగా కనిపిస్తారు.

యంత్రాల మౌనంలో కూడా రకాలున్నాయి. ‘అక్కడికి చేరలేకపోయాం’ అని వస్తే, ఆ చిరునామాలో ఎవరూ లేరనో దారి లేదనో అర్థం. ‘నిరాకరించారు’ అని వస్తే, మనిషి ఉన్నాడు, ఆ తలుపు దగ్గర మాత్రం మనకు పని లేదని అర్థం. ‘ఎదురుచూసి ఎదురుచూసి గడువు దాటిపోయింది’ అని వస్తే ఏమర్థమూ తేలదు. తెలిసినవాళ్ళు ఈ మూడింట్లో ‘నిరాకరించారు’ అనేది వస్తే సంతోషిస్తారు. మనం కాదనిపించుకున్నామని ఏడిచే చోట వాళ్ళు హమ్మయ్య అంటారు. ఎందుకంటే కాదన్నవాడు ఉన్నాడు. మన మాట వాడి చెవిన పడింది. సగం పని తీరింది.

ఇక్కడ ఒక ధర్మసందేహం ఉంది. రానివ్వదలుచుకోనప్పుడు ‘రావద్దు’ అని చెప్పడం మంచిదా, విననట్టు ఊరుకోవడం మంచిదా? లైనక్సు కాపలావాడికి ఈ రెండు విద్యలూ వచ్చు: ఒకటి రిజెక్ట్, రెండోది డ్రాప్. కాపలా శాస్త్రం తెలిసినవాళ్ళు చాలామంది రెండోదే మేలంటారు. తలుపు తట్టేవాడు దొంగ కావచ్చు. ‘పో’ అన్నామంటే లోపల మనుషులున్నారని వాడికి మనమే చెప్పినట్టు. ఊరుకుంటే పాడుబడ్డ ఇల్లనుకుని పోతాడు. వాదం సబబుగానే ఉంది. వీధి తలుపుకు ఆ పద్ధతి నేనూ కాదనను. కాని ఇంట్లోవాళ్ళతో కూడా అదే పద్ధతి పెట్టుకున్నామంటే, పిలిచినవాడి గతి ఏమిటో చూడండి. ‘కాదు’ అని వింటే బాధపడి, భోంచేసి పడుకుంటాడు. ఏమీ వినకపోతే మళ్ళీ పిలుస్తాడు, మళ్ళీ పిలుస్తాడు. తన గొంతునే అనుమానిస్తాడు. చివరికి ఎదుటివాడికి ఏమైనా అయిందేమోనని హడలిపోతాడు. ‘కాదు’ అనే మాట కటువుగా ఉండవచ్చు గాని, దానికొక చివర ఉంది. మౌనానికి చివర ఎక్కడో పిలిచేవాడికి తెలియదు. అందుకని నా మట్టుకు నాకు, అపరిచితుడికి మౌనం తగునేమో గాని, అయినవాడికి కనీసం ‘కాదు’ అనే మాటైనా బాకీ ఉంటామనిపిస్తుంది.

సరే, తలుపు తెరవని గెస్టును హోస్టు ఏం చేయవచ్చు? చేయాలనుకుంటే ఏదైనా చేయవచ్చు. దాని ప్రాణం హోస్టు చేతిలో ఉంది. ఒక మీటతో ఆపవచ్చు. దాని జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు ఫైలుగా తీసి వెతకవచ్చు. దాని డిస్కు ఫైలును విప్పి చదువుకోవచ్చు. ఇన్ని చేయగలిగినవాడు ‘ఉన్నావా’ అంటే ‘ఉన్నా’ అనిపించుకోలేకపోవడం విచిత్రం. అధికారం ఎంత ఉన్నా బదులు మాత్రం లోపలి నుంచే రావాలి.

ఉదయగిరి కొండ కింద నిలబడి పైకి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తు. 1513లో రాయలవారి సేనలు దాన్ని చుట్టుముట్టాయి. సుమారు ఏడాదిన్నర పట్టింది. లోపలున్న గజపతుల బలగం లొంగదు. పైకి పోవడానికి మనిషి వెనక మనిషి నడిచే ఇరుకు దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు బండలు కొట్టించి వెడల్పైన దారులు వేయించాడనీ, కొద్ది కాలం తర్వాత విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టాడు. 1514లో దుర్గం వశమైంది. కోటను పట్టాలంటే అదే పద్ధతి, కాదనలేం. మనిషిని పట్టాలంటే ఆ పద్ధతి పనికిరాదు. కొండ బద్దలుకొట్టి లోపలికి పోతే బాలకృష్ణుడి విగ్రహం దొరుకుతుంది గాని, ‘రండి’ అనే మాట దొరకదు.

మా అబ్బాయికి కూడా ఆ క్షణంలో రాయలవారి ఆవేశం వచ్చింది. “ఫైర్‌వాల్ మొత్తం తీసి పారేస్తా అక్కా,” అన్నాడు. “వద్దు. గోడ పడగొట్టి లాభంలేదు. ఈ ఒక్క పిలుపుకు పలకమని ఒక్క నిబంధన రాయి,” అంది ఆవిడ. గెస్టు తలుపు లోపలి వైపుకు పోయి, ఫలానా దొడ్డిదారిన వచ్చే పలకరింపుకు పలకవచ్చునని వాడు రాశాడు. అంతే. తర్వాతి పింగ్‌కు గెస్టు ‘ఉన్నా’ అంది. గోడ గోడలాగే ఉంది. అందులో పరిచయస్థుడికి ఒక కిటికీ తెరుచుకుంది.

మరి తప్పెవరిదని మొదలుపెట్టాం. హోస్టుది కాదు, అది పిలుస్తూనే ఉంది. గెస్టుది కాదు, దానికి నేర్పిన జాగ్రత్తే అది చూపించింది. మధ్య దారిదీ కాదు, దారికి బుద్ధి లేదు. ఎవరి తప్పూ కాకపోయినా మాట చెడిందన్నది నిజం. అటువంటప్పుడు అడగవలసింది తప్పెవరిదని కాదేమో. వెతికే బాధ్యత ఎవరిదని. దీనికి మాత్రం జవాబు ఉంది. గెస్టుకు హోస్టు లోపల ఏముందో కనపడదు. హోస్టుకు రెండు వైపులూ కనపడతాయి. రెండు వైపులా చూడగలవాడే వెతకాలి. ఎవరి చేతిలో ఎక్కువ ఉందో దారి వేసే భారం వాడిది.

మన మెట్ట ప్రాంతం వాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆత్మకూరు దాపున పెన్నమ్మకు అడ్డంగా సోమశిల రిజర్వాయరు ఉంది; నిండితే 78 టి.ఎం.సి.ల నీళ్ళు. ఉదయగిరి పల్లెలు అక్కడికి దూరమేం కాదు. అయినా తరతరాలుగా బోర్లు ఎండడం, ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు గారపట్టడం ఈ పల్లెలకు తెలిసిన సంగతే. పక్కనే సముద్రమంత నీరుంటే మీరెందుకు దాహంతో ఉన్నారని ఆ పల్లెలను అడగలేం. నేల ఎత్తు, దగ్గరున్నంత మాత్రాన నీరు ఎక్కదు. ఎక్కించాలి. అందుకే హైలెవెల్ కాలువ పథకం పెట్టవలసి వచ్చింది. దాన్ని తవ్వే భారం నీళ్ళున్న వైపుదే గాని, దాహమున్న వైపుది కాదు.

అదే ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం. కుండలో కూరకూ మనిషి నోటికీ మధ్య దూరం జానెడే. అయినా ఆ జానెడు దాటించడానికి ఒకడు కొయ్య చెక్కుతూ కూర్చున్నాడు. కుండ తప్పని గాని నోరు తప్పని గాని వాడు అనలేదు; మధ్యలో ఏం కావాలో చూశాడు, చేశాడు.

యంత్రాలకూ మనుషులకూ ఇక్కడ ఒక తేడా ఉంది; దాన్ని దాచితే మోసం అవుతుంది. గెస్టుకు కాదనే ఇష్టం లేదు, మనిషికి ఉంది. అన్ని పరీక్షలూ చేసి, దారి వేసి, పరిచయం చెప్పి, ఒక్క కిటికీ తెరవమని అడిగిన తర్వాత కూడా ఒకరు పలకకపోవచ్చు. ఆ మౌనం వాళ్ళది. దాన్ని బద్దలుకొట్టే హక్కు తిండి పెట్టినవాడికీ లేదు, కన్నవాడికీ లేదు. కాని ఆ మాట అనుకునే ముందు, పరీక్షలన్నీ నిజంగా చేశామా అన్నది చూసుకోవాలి. మన ఇళ్ళలో ‘వాడు పలకడండీ’ అని చెప్పుకునేవాళ్ళలో ఎక్కువమంది ఒక్కసారి పిలిచి, గడువు దాటగానే లేచిపోయినవాళ్ళే. ఏ దారిన పిలిచారో, ఆ దారి అటు చేరుతుందో లేదో చూసినవాళ్ళు తక్కువ.

అందుచేత ఈ వారం ఎవరైనా మీకు పలకకపోతే, ముందు 127.0.0.1 చూసుకోండి. తర్వాత దారి చూడండి. పలకరింపుకు పలకనివాణ్ణి పని అడిగి చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా ‘కాదు’ అనే మాటే వస్తే, సంతోషించండి. మనిషి ఉన్నాడు.